తల్లి వైపు వివరాలు

జూన్ 3

కందిరీగకు,

నీ ఉత్తరం నిన్న మధ్యాహ్నం చేరింది. రెండు పేజీలు. పేజీన్నర వర్షం గురించి, మీ పైవాటా వాళ్ల కుక్క గురించి. చివరి నాలుగు వరుసల్లో మాత్రం 'అన్నట్టు, పిల్లల కోసం డాక్టరమ్మ మాత్రలు మొదలుపెట్టింది, మొదటి నెల ఫలితం లేదు' అని రాసి సంతకం చేసేశావు. అసలు సంగతిని తోకకు కట్టే అలవాటు నీకెక్కణ్ణుంచి వచ్చింది? మీ అమ్మకూ లేదు, నాకూ లేదు.

ఫోన్ చేసి చెబుతానని అనకు. నా చెవులు పనిచేయడం మానేసి మూడేళ్లయింది. కాగితం మీద పెడితే రెండోసారి చదువుకోవచ్చు, తప్పుంటే పట్టుకోవచ్చు. ఏం మాత్ర? ఎన్నో రోజు నుంచి ఎన్నో రోజు దాకా? స్కాన్ ఎప్పుడు తీశారు, అందులో ఏం కనిపించింది? లిఫ్టులు బాగుచేసే మీ ఆయన తన పరీక్ష చేయించుకున్నాడా, లేక నువ్వొక్కదానివే మింగుతున్నావా? నాలుగు ప్రశ్నలకూ జవాబులు కావాలి.

ముప్ఫై ఒక్కేళ్లు మునిసిపల్ ఆఫీసులో జనన మరణాల రిజిస్టరు రాశాను. ఏ పిల్ల ఏ తేదీన, ఏ వేళకు, ఎంత బరువుతో పుట్టిందో తెలియకుండా ఒక్క పుట తిప్పలేదు. కాకి లెక్కలు నాకు పంపకు.

ఇక్కడ కింద వాటాలోకి కొత్తగా ఒక వడ్రంగి దిగాడు. రంపం మోత నాకు వినపడదు గానీ, అరికాళ్లకు తెలుస్తుంది. నాలుగు రోజులుగా నిలకడగా కూర్చోలేకపోతున్నాను. కారణం రంపమే అనుకుందాం.

వారంలోగా జవాబు.

అమ్మమ్మ


జూన్ 11

అమ్మమ్మా,

రిజిస్ట్రారు గారికి దండాలు. హాజరు వేసుకోండి.

నాకు అండం నెలనెలా విడుదల కావడం లేదట. అండాశయంలో చిన్న చిన్న నీటి బుడగల్లా ఉండిపోతున్నాయి, ఏదీ పెరిగి పగలదు. ఈ మాత్ర (పేరు పైన మూలన దించాను) మెదడును మభ్యపెడుతుందట. ఒంట్లో హార్మోను తగ్గిపోయిందని అది కంగారుపడి పైనుంచి గట్టిగా ఆజ్ఞ పంపుతుంది, అప్పుడు కింద అండం కదిలి పెరుగుతుంది. మా మిల్లులో గంటస్తంభం కేకేస్తే గానీ సెక్షన్ కదలనట్టు. (గంటస్తంభం అంటే మా షిఫ్టు సూపర్‌వైజరు. ఆరడుగుల రెండంగుళాలు. గంటకోసారి మోగుతాడు.)

నెలసరి మొదలైన మూడో రోజు నుంచి ఏడో రోజు దాకా మాత్ర. పన్నెండో రోజు స్కాన్. అండం పద్దెనిమిది మిల్లీమీటర్లు దాటితే అది పగలడానికి ఇంజెక్షన్. పోయిన నెల రోజుకో మాత్ర వేసుకుంటే తొమ్మిది దగ్గరే ఆగిపోయింది. ఈ నెల రెండేసి చేసింది. నిన్నటితో అయిపోయాయి.

మా ఆయనకూ పరీక్ష చీటీ రాసింది. అది చొక్కా జేబులో ఉతుక్కి వెళ్లి ముద్దయి వచ్చింది. ఎవరి లిఫ్టు ఎక్కడ ఆగిపోయినా పరుగెత్తే మనిషి, ఆసుపత్రి గుమ్మం దగ్గర తనే ఆగిపోతాడు. 'చూద్దాంలే' అంటాడు. ఏం చూస్తాడో!

ఇంకో మాట. కేసు షీట్‌లో 'తల్లి వైపు వివరాలు' అని ఒక గడి ఉంది. నేను గొప్పగా చెప్పాను: మా అమ్మమ్మకు పెళ్లయిన ఎనిమిదేళ్లకు, ఏ మందూ లేకుండా మా అమ్మ పుట్టింది అని. డాక్టరమ్మ రాసుకుని, "అయితే మీ ఇంట్లో ఆలస్యమే గానీ, లేకపోవడం లేదన్నమాట" అంది. ఆ మాటను రోజూ మాత్రతో పాటే మింగుతున్నాను. అమ్మ కూడా అదే అంటోంది, "అమ్మమ్మ పోలికే నీకు, కంగారు పడకు" అని.

వర్షం గురించి ఏమీ రాయలేదు, గమనించావా?

నీ కందిరీగ


జూన్ 16

కందిరీగకు,

జవాబు బాగుంది. మాత్రల లెక్క నోటుపుస్తకంలో రాయి. తేదీ, వేళ, ఒంట్లో ఏమనిపించిందో. ఏమీ అనిపించకపోతే 'ఏమీ లేదు' అని రాయి, ఖాళీ వదలకు.

మీ ఆయనకు రెండో చీటీ రాయించి, చొక్కా జేబులో కాకుండా చేతిలో పెట్టు. పెళ్లి ఇద్దరికీ అయింది.

మూడో సంగతి. నా ఎనిమిదేళ్లు నీ కేసు షీట్‌లో ఎందుకు? వెళ్లినప్పుడు ఆ గడిలో రాసింది కొట్టేయించు. ఎందుకని అడగకు. నా ముచ్చట నీ వైద్యానికి పనికిరాదు, అంతే.

ఈ ఉత్తరం మొదలుపెట్టి గంటన్నర అయింది. మధ్యలో రెండుసార్లు వాకిట్లోకి వెళ్లివచ్చాను, పోస్టు వచ్చే వేళ కూడా కాదు. వడ్రంగి ఇవాళ పనిలోకి రాలేదు. కాబట్టి రంపం మీద నెట్టడానికి లేదు.

కొట్టేయించాక రాయి.

అమ్మమ్మ


జూలై 8

అమ్మమ్మా,

ఇన్నాళ్లూ ఎందుకు రాయలేదంటావా? రాస్తాను, ఖాళీ వదలకూడదుగా.

ఊరి వాళ్లందరి పుట్టుకలూ నీ చేత్తో రాశావు. నీ మనవరాలి ఫైల్లో నీ మాట ఒక్క వరుస ఉంటే నామోషీ అయింది. నేను గొడ్రాలిననే పేరు వస్తే నీ పేరు పక్కన ఉండకూడదు, అంతేగా? నేరుగా చెప్పొచ్చుగా, "ఎందుకని అడగకు" అనడం దేనికి? కొట్టేయించలేదు. కొట్టేయించను కూడా.

లెక్కలు: జూన్‌లో పద్నాలుగు మిల్లీమీటర్లు వచ్చి, మూడు రోజులకు మళ్లీ చూస్తే కుంచించుకుపోయింది. స్కాన్ బల్ల మీద పడుకుని తెరవైపు చూస్తూ ఉన్నాను, డాక్టరమ్మ "ఊఁ" అని ఊరుకుంది. ఆ ఊఁ అంటే నాకిప్పుడు బాగా తెలుసు. ఈ నెల మూడేసి మాత్రలు. ఇవాళ ఐదో రోజు. దీనికి మించి పెంచనంది.

మిల్లులో కూడా చీవాట్లు. నా పని నీకు తెలుసుగా, దీపం పెట్టెలో అసలు రంగు పక్కన కొత్తగా అద్దిన నూలు పెట్టి రెండూ ఒకటేనా అని చూసి పాస్ చేయడం. ఆకుపచ్చ లాటు ఒకటి నేను పాస్ చేస్తే కొన్నవాళ్లు వెనక్కి కొట్టారు. "గుడ్డివాడికైనా తేడా తెలుస్తుందమ్మా!" అని గంటస్తంభం అందరి ముందూ మోగాడు. ఆరేళ్లలో నా చేతి మీద వెనక్కి వచ్చిన మొదటి లాటు. తప్పు నాది కాదు. పెట్టెలో ట్యూబులైటు మిణుకు మిణుకుమంటోంది, మార్చమంటే ఎవరూ మార్చరు.

ఉంటాను.


జూలై 13

కందిరీగకు,

సంతకం చేయకుండా పంపావు. కోపం అర్థమైంది. దాని సంగతి తర్వాత.

ట్యూబులైటు మిణుకుమంటే అందరికీ మిణుకుమనాలి. నీ పక్కన కూర్చునే వాళ్ల లాట్లు వెనక్కి రాలేదా? రాలేదనే అనుకుంటాను, వస్తే నువ్వు ముందు అదే రాసేదానివి. ఇంకో సంగతి. నువ్వు గీతలు లేని కాగితం మీద కూడా బద్ద పెట్టినట్టు రాస్తావు, నేనే నేర్పాను. ఈసారి ఉత్తరంలో మూడో పేజీ నుంచి వరుసలు కిందికి జారాయి. రెండు చోట్ల ఒక మాట మీద ఇంకో మాట పడింది.

నువ్వు దించి పంపిన మాత్ర పేరు పట్టుకుని మందుల షాపుకు వెళ్లాను. షాపులో అమ్మాయి డబ్బాలోని కాగితం మడత విప్పి ఇచ్చింది. భూతద్దంతో చదివాను. కళ్ల ముందు మెరుపులు, మచ్చలు, మసక కనిపిస్తే వెంటనే మాత్ర ఆపి డాక్టరుకు చెప్పాలని అందులో ఉంది. ఆ వరుస మూడుసార్లు చదివాను.

నీకు మెరుపులు కనిపిస్తున్నాయా? అవునో కాదో రాయి. దొంగకు తేలు కుట్టినట్టు ఊరుకోకు.

ఇది చేరేసరికి ఈ నెల మాత్రలు అయిపోయి ఉంటాయి. ఉత్తరం చేరడానికి పట్టే ఈ నాలుగు రోజుల దూరం మీద ఎప్పుడూ లేనంత కోపం వస్తోంది.

అమ్మమ్మ


జూలై 20

అమ్మమ్మా,

అవును.

జూన్ రెండో వారం నుంచి. ముందు కళ్ల చివర్లో మిణుకు. తర్వాత ఏదైనా కదిలితే దాని వెనక దాని నీడలే నాలుగైదు కదులుతున్నట్టు. బస్సు పోయాక కూడా బస్సు పోతూనే ఉంటుంది. ఆకుపచ్చ చూసి తెల్ల కాగితం చూస్తే ఎర్రగా చాలాసేపు నిలిచిపోతుంది. నోటుపుస్తకంలో ఆ గడిలో రోజూ 'ఏమీ లేదు' అని రాశాను. నువ్వు చెప్పినట్టే, ఖాళీ వదల్లేదు.

డాక్టరమ్మకు చెప్పలేదు. చెబితే ఆపేస్తుంది. మా ఆయనకు చెప్పలేదు. ఆయన అసలే ఆపడానికి వంక కోసం చూస్తున్నాడు. ఈ నెల స్కాన్‌లో పదహారు వచ్చింది అమ్మమ్మా, పదహారు! తొమ్మిది, పద్నాలుగు, పదహారు. తర్వాత ఆగిపోయింది, సరే, కానీ పోతున్న దారి చూడు. వచ్చే నెలకు పద్దెనిమిది దాటదా? ఇంకొక్క నెల వేసి చూద్దామని డాక్టరమ్మే అంది.

కళ్లు తర్వాత బాగవుతాయట, ఎక్కడో చదివాను. నువ్వు ఏ మాత్రా లేకుండా, చుట్టూ ఉన్నవాళ్లు అనే మాటలన్నీ పడుతూ ఎనిమిదేళ్లు ఆగావు. ఎనిమిదేళ్ల చివర నీకు అమ్మ పుట్టింది. నేను ఎనిమిది నెలలు ఆగలేనా? నువ్వు మధ్యలో మానేసి ఉంటే ఇవాళ అమ్మా లేదు, నేనూ లేను.

అందుకే ఆపను. నువ్వు చెప్పినా సరే. చెప్పాల్సినదానివి నువ్వు మాత్రం కాదు.

కందిరీగ


జూలై 25

కందిరీగా,

నీ ఉత్తరం అందాక నాలుగుసార్లు కూర్చున్నాను, నాలుగుసార్లు లేచాను. ఇప్పుడు కూర్చున్నాను. పూర్తయ్యేదాకా లేవను.

నాకు పిల్లలు పుట్టలేదు.

ఎనిమిదేళ్లకు పుట్టలేదు, ఆ తర్వాతా పుట్టలేదు. నాకు ఎవరూ మాత్రలు రాయలేదు, 'ఇంకొన్నాళ్లు చూడండి' అన్నారు. చూశాను. మీ అమ్మ నా కడుపున పుట్టిన పిల్ల కాదు.

ఆ రోజు ఆఫీసు కిటికీ దగ్గర నేనే ఉన్నాను. ఒకావిడ పదకొండు రోజుల పిల్లను తెచ్చింది. ఇటుకలు మోసే మనిషి అని చేతులు చూస్తే తెలిసింది. భర్త పోయి నెల కాలేదు. ఆయన మరణం రాసిందీ నేనే, ఆవిడ గుర్తుచేస్తే గానీ నాకు గుర్తు రాలేదు. ఫారం నింపుతూ ఎన్నో కాన్పు అని అడిగాను. "ఐదోది" అంది. ముందు పిల్లలు బతికే ఉన్నారా అని అడిగాను, ఫారంలో ఆ ప్రశ్న ఉంటుంది. "ఇప్పటికి ఉన్నారు" అంది. తల్లి పేరు అడిగాను. పిల్ల మీది గుడ్డ సర్దింది. తర్వాత, "ఆ ఒక్కటీ ఖాళీగా ఉంచొచ్చా అమ్మా?" అంది.

"ఖాళీగా ఉంచకూడదు" అన్నాను. రూలు అదే.

"అయితే మీది రాసుకోండి" అంది.

మూడు రోజులు ఆగమన్నాను. మూడు రోజులూ పిల్లతో వచ్చి అదే బెంచీ మీద కూర్చుంది. మీ తాతయ్య వచ్చి ఆవిడతో మాట్లాడాడు. నాలుగో రోజు నా పేరు రాశాను. ముప్ఫై ఒక్కేళ్లలో తెలిసి నేను రాసిన తప్పు నమోదు అదొక్కటే. ఉద్యోగం పోవాల్సిన పని, జైలుకు కూడా పోవాల్సిన పని. ఆ పుటలో నా చేతిరాత ఏ కొంచెమూ వణకలేదు. ఇప్పటికీ నాకు భయం వేసేది దానికే.

ఆ నెలలోనే బదిలీ అయింది. కొత్త ఊళ్లో చంకలో పిల్లతోనే దిగాం. ఎనిమిదేళ్లకు పుట్టిందని నేను ఎవరికీ చెప్పలేదు. వాళ్లే లెక్కేసుకున్నారు, నేను దిద్దలేదు. దిద్దకుండా వదిలితే అది కూడా నేను రాసినట్టే. కేసు షీట్‌లో ఆ మాట కొట్టేయించమన్నది అందుకు. నీ పక్కన నా పేరు నామోషీ అని కాదు. నీ పక్కన ఉండటానికి ఆ మాటకు అర్హత లేదని.

నా ఎనిమిదేళ్లు చూసి నీ కళ్లు పణంగా పెట్టకు. ఆ ఎనిమిదేళ్ల చివర నాకేమీ పుట్టలేదు. నేను ఓపిక పట్టినందుకు మీ అమ్మ రాలేదు, ఇంకొకావిడకు ఓపిక అయిపోయినందుకు వచ్చింది.

మందు మానెయ్యమని గానీ, పెంచుకోమని గానీ చెప్పడానికి ఇది రాయలేదు. అది నువ్వూ మీ ఆయనా చూసుకోవాలి. ఈ ఉత్తరం అందిన రోజే డాక్టరు దగ్గరికి వెళ్లి కళ్ల సంగతి చెప్పు. నోటుపుస్తకంలో 'ఏమీ లేదు' అని రాసిన ప్రతి చోటా ఒక్క గీత కొట్టి పక్కన నిజం రాసి తీసుకెళ్లు.

మీ అమ్మకు తెలియదు.

అమ్మమ్మ అని రాయడానికి ఇవాళ చెయ్యి ఆగింది. అయినా అదే రాస్తున్నాను.

అమ్మమ్మ


ఆగస్టు 4

అమ్మమ్మా,

వెళ్లాను. మా ఆయన్ని కూడా తీసుకెళ్లాను. దారిలో కళ్ల సంగతి చెబితే బండి ఆపేశాడు. తర్వాత, "నేను నీ వెనకే లిఫ్టు ఎక్కి ఉంటే ముందే తెలిసేదిగా" అన్నాడు. ఆయనకు అన్నిటికీ లిఫ్టే. మర్నాడే పరీక్షకు వెళ్లాడు. ఫరవాలేదట, సిగరెట్లు మానమన్నారు.

డాక్టరమ్మ నోటుపుస్తకం చూసి పెన్ను బల్ల మీద కొట్టింది. "రెండు నెలలు! ఎవరమ్మా నిన్ను దాచమంది? ఈ మాత్ర ఇక నీకు రాయను, ఇంకెవరు రాసినా నువ్వు వేసుకోకు" అంది. కళ్ల డాక్టరు దగ్గరికి పంపింది. ఆయన లైటు వేసి, బొమ్మలు తీసి, లోపల దెబ్బ తిన్నట్టు కనబడటం లేదు, మాత్ర ఆపాక తగ్గాలి, నెలకోసారి వచ్చి చూపించుకో అన్నాడు. మిల్లులో మాట్లాడాను. గంటస్తంభం రెండు నెలల పాటు నన్ను దారం చుట్టే సెక్షన్‌కు మార్చాడు. "ముందే చెబితే ఆ రోజు అంతలా అరిచేవాణ్ణి కాదుగా!" అని అప్పుడు కూడా అరిచాడు.

'తల్లి వైపు వివరాలు' కొట్టేయించాను. దానివల్ల మందు ఏమీ మారదట. "ఆలస్యమే గానీ లేకపోవడం లేదు అన్నది నీ ధైర్యానికి అన్నాను, వైద్యానికి కాదు" అంది డాక్టరమ్మ.

నీ మీద కోపం ఉందా అంటే, ఉంది. ఒకచోట నిలబడటం లేదది. పొద్దున ఉంటుంది, సాయంత్రానికి ఆ బెంచీ మీది ఆవిడ మీదికి పోతుంది, మర్నాటికి నా మీదికి వస్తుంది. నీ ఎనిమిదేళ్లు పట్టుకునే మూడు నెలలు నిలబడ్డాను. అవి లేవంటే కాళ్ల కింద ఏదో లాగేసినట్టుంది. కానీ లాగకపోతే మాత్ర ఆపేదాన్ని కాదు. నిజం.

అమ్మకు నువ్వే చెప్పు. ఫోన్‌లో అమ్మ గొంతు వినగానే ఏదో వంక చెప్పి పెట్టేస్తున్నాను. వారంలోగా చెప్పాలి. గడువు పెట్టడం నీ దగ్గరే నేర్చుకున్నాను.

కందిరీగ


ఆగస్టు 21

కందిరీగకు,

గడువు దాటింది. వారానికి ఒక రోజు ఎక్కువ తీసుకున్నాను, అదీ లెక్కలో రాయి.

పన్నెండో తేదీన బస్సెక్కి మీ అమ్మ కుట్టుషాపుకు వెళ్లాను. ఒక్కతే ఉంది, బల్ల మీద కోటు గుడ్డ పరిచి కత్తిరిస్తోంది. నా చెవుల సంగతి తెలుసుగా, ఎదురుగా నిలబడి పెదవులు చూస్తూ చెప్పాను. కత్తెర ఆగలేదు. కోటు చేతి అంచు దాకా కత్తిరించి, ముక్క పక్కన పెట్టి అప్పుడు తలెత్తింది.

"ఆవిడ మళ్లీ వచ్చిందా?"

"తెలియదు. మేం ఊరు మారాం."

"మారారా, పారిపోయారా?"

నేను సమాధానం వెతుక్కున్నాను. "నీళ్లు నమలకమ్మా, నీకలవాటు లేదు" అంది.

"పారిపోయాం" అన్నాను.

నీకు రాసిన దాంట్లో 'బదిలీ అయింది' అని ఉంది. దిద్దుకో. అర్జీ పెట్టి నేనే వేయించుకున్నాను. ఆవిడ మనసు మార్చుకుని వస్తుందేమోనని.

మీ అమ్మ ఏడవలేదు, అరవలేదు. షాపు మూసి, నా సంచీ పట్టుకుని బస్సు దాకా నడిచింది. బస్సు రాగానే సంచీ అందించింది. ఎప్పుడూ 'చేరగానే కబురు చెయ్యి' అంటుంది. ఆ మాట అనలేదు. ఇవాళ్టికి తొమ్మిది రోజులు. ప్రతి పూటా ఉత్తరాల పెట్టె తీసి చూస్తున్నాను, లోపలికి చెయ్యి పెట్టి మూలలు కూడా తడుముతున్నాను.

నీతో మాట్లాడిందా? ఓదార్చడానికి కల్పించి రాయకు. ఉన్నది రాయి.

నీ కళ్లెలా ఉన్నాయి?

అమ్మమ్మ


సెప్టెంబరు 12

అమ్మమ్మా,

ఇది ఆసుపత్రి బెంచీ మీద కూర్చుని రాస్తున్నాను. పేరు ఇంకా పిలవలేదు. వరుసలు వంకర పోతే అది కళ్ల తప్పు కాదు, ఒళ్లో పెట్టుకుని రాయడం వల్ల. మెరుపులు పోయి ఇవాళ్టికి పదిహేడు రోజులు. మళ్లీ ఆకుపచ్చ ఆకుపచ్చలాగే ఉంది. డాక్టరమ్మ ఇంకో రకం మాత్ర మొదలుపెట్టింది, ఐదు రోజులు, రోజుకు ఒకటే. నోటుపుస్తకం ఆమే అడిగి చూస్తోంది. ఇవాళ పన్నెండో రోజు. ఎన్ని మిల్లీమీటర్లు ఉంటుందో తెలియదు, ఈ నెల నేను ముందే లెక్కేయడం లేదు. వేయడం లేదంటే, తక్కువగా వేస్తున్నాను.

ఈసారి స్కాన్ పెద్దాసుపత్రిలో. మా ఆయనకు ఎక్కడో లిఫ్టులో మనుషులు ఇరుక్కుపోయారని ఫోనొస్తే గుమ్మం దాకా వచ్చి వెళ్లాడు. ఈసారి మాత్రం నిజంగానే ఇరుక్కున్నారు.

నా పక్కన అమ్మ ఉంది.

మొన్న చెప్పా పెట్టకుండా వచ్చింది. రెండు రోజులు మా ఇంట్లో చొక్కాలన్నిటికీ గుండీలు కుట్టింది, ఊడనివాటికి కూడా. నీ గురించి నేనెత్తితే లేచి పక్క గదిలోకి వెళ్లిపోయింది. కల్పించి రాయవద్దన్నావు కాబట్టి రాస్తున్నాను: నీతో మాట్లాడతానని ఇంతవరకూ అనలేదు. కానీ నిన్న అన్నం తింటూ, "ఆ బెంచీ కిటికీకి ఎంత దూరంలో ఉండేదట?" అని అడిగింది. నాకు తెలియదన్నాను. నువ్వు ఆమెకే రాయి.

ఇందాక నర్సు కొత్త ఫైలు తెరిచింది. నన్ను అడగాల్సినవన్నీ అడిగి, అమ్మను చూసి, "మీరు తల్లిగారా? మంచిది. మీ వైపు చెప్పండి. మీ అమ్మగారికి పిల్లలెంతమంది?" అంది.

నేను నోరు తెరవబోయాను. అమ్మ నా మోకాలి మీద చెయ్యి వేసింది.

"ఐదుగురు" అంది. నర్సు రాయబోతుంటే, "ఒక్కతే" అంది.

"ఏదో ఒకటి చెప్పండమ్మా, వెనక ఇంకా పదకొండు మంది ఉన్నారు" అంది నర్సు.

"రెండూ రాయండి" అంది అమ్మ.

కందిరీగ